చల్లదనం – ఆరోగ్యం – విద్యుత్తు పొదుపు

ఒక తరం క్రితం వరకు ఎయిర్ కండిషనర్ సినిమాహాళ్ళకు, పెద్ద హోటళ్ళకు, ఆసుపత్రులలోని ఆపరేషన్ థియేటర్లకు, రైళ్ళలో పై తరగతి పెట్టెలకు పరిమితమైన సాధనం. నేడు అది బ్యాంకులోనికి, మందుల దుకాణంలోనికి, కళాశాలలోని కంప్యూటర్ గదిలోనికి, మధ్యతరగతి కుటుంబపు పడకగదిలోనికి ప్రవేశించినది. 2019లో భారత ప్రభుత్వం జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించిన నాటికి దేశంలో నూటికి ఎనిమిది ఇళ్ళలో మాత్రమే ఈ యంత్రం ఉన్నదని అంచనా. ఆ సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. వేసవి తీవ్రత పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది.

ఈ యంత్రం విషయంలో మన సమాజంలో రెండు అభిప్రాయాలు వినవస్తాయి. ఇది విలాస వస్తువనీ, శరీరాన్ని బలహీనపరుస్తుందనీ కొందరి వాదన. డబ్బు పెట్టి కొన్నాము గనుక గది మంచుకొండ వలె ఉండవలసిందేనని మరికొందరి ధోరణి. రెండింటిలోనూ సగం సత్యమే ఉన్నది. వడగాడ్పుల రోజులలో ఈ యంత్రం ప్రాణాలు నిలబెట్టగలదు. వివేకం లేకుండా వాడినపుడు ఆరోగ్యాన్నీ విద్యుత్తునూ హరించగలదు. హద్దు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనాలంటే మొదట మన శరీరం చల్లబడే తీరును, పిమ్మట యంత్రం పనిచేసే తీరును పరిశీలించాలి.

శరీరానికి కావలసినదేమి?

ఆరోగ్యవంతుని శరీరపు లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. ఊరక కూర్చున్న మనిషి కూడ దాదాపు 100 వాట్ల బల్బు వెలువరించునంత వేడిని వెలువరిస్తూ ఉంటాడు. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. చుట్టూ ఉన్న గాలి, గోడలు చర్మంకన్న చల్లగా ఉన్నపుడు వేడి తనంతట తానే వాటిలోనికి పోతుంది. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకు మించి వేడెక్కినపుడు శరీరానికి మిగిలే మార్గం ఒక్కటే, చెమట. ఒక లీటరు చెమట ఆవిరియైనపుడు సుమారు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసికొనిపోతుంది.

గాలిలో తేమ అధికమైతే చెమట ఆవిరి కాదు. రాయలసీమలో 40 డిగ్రీల ఎండను చెట్టు నీడలో ఓర్చుకొనగలిగిన మనిషి, విశాఖపట్నంలోనో చెన్నపట్నంలోనో 34 డిగ్రీలకే ఉక్కిరిబిక్కిరి కావడానికి కారణమిదే. కనుక సౌఖ్యాన్ని ఉష్ణమాపకం ఒక్కటే నిర్ణయించదు. గాలి వేడి, గోడలు కప్పుల నుండి ప్రసరించే వేడి, తేమ, గాలి వేగం, మనిషి చేసే పని, కట్టుకొన్న బట్ట, ఈ ఆరూ కలసి దానిని నిర్ణయిస్తాయి.

విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించవచ్చును. ఒకే రకమైన రెండు ఉష్ణమాపకాలను పక్కపక్కన వ్రేలాడదీసి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, ఫ్యాను క్రింద ఉంచాలి. తడిగుడ్డ ఉన్న ఉష్ణమాపకం తక్కువ ఉష్ణోగ్రతను చూపుతుంది. రెండింటి మధ్య వ్యత్యాసం ఎక్కువగా ఉన్ననాడు గాలి పొడిగా ఉన్నదని, తక్కువగా ఉన్ననాడు తేమగా ఉన్నదని అర్థం. మన చెమట కూడ ఆ తడిగుడ్డ వలెనే పనిచేస్తుంది.

యంత్రం చేసే పని

నేటి ఎయిర్ కండిషనర్‌కు మూలం మనిషి సౌఖ్యం కాదు. 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలిలోని తేమకు కాగితాలు సాగి, కుంచించుకొని, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకపోవడం పెద్ద సమస్యగా ఉండెడిది. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు ఆ తేమను అదుపు చేయడానికి ఒక యంత్రాన్ని రూపొందించినాడు. గాలిని చల్లబరచడం, గాలిలోని తేమను నీరుగా తీసివేయడం అనే ఈ రెండు పనులను నేటి యంత్రం కూడ చేస్తున్నది. ఏ.సి. గొట్టం నుండి కారే నీరు ఆ గది గాలిలోని తేమయే.

ఇక్కడ పాఠకులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి కలదు. ఈ యంత్రం చల్లదనాన్ని సృష్టించదు. గదిలోని వేడిని తోడి వీధిలో పోస్తుంది. నేలమీది నీటిని మోటారు పైతొట్టికి ఎక్కించినట్లే, చల్లని గదిలోని వేడిని ఇది అంతకన్న వేడిగా ఉన్న బయటి గాలిలోనికి ఎక్కిస్తుంది. పైతొట్టి ఎంత ఎత్తున ఉంటే మోటారుకు అంత శ్రమ. అదే విధంగా లోపలి బయటి ఉష్ణోగ్రతల మధ్య అంతరం ఎంత పెరిగితే కంప్రెసర్‌కు అంత విద్యుత్తు కావాలి.

ఏ.సి.లను కొలిచే 'టన్ను' అనే మాట మంచు వ్యాపారపు రోజులనాటిది. 2000 పౌనుల మంచు ఇరవైనాలుగు గంటలలో కరిగి ఎంత వేడిని పీల్చుకొంటుందో అంత వేడిని తోడగల శక్తి ఒక టన్ను. అది సుమారు 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల యంత్రం పూర్తి శక్తితో పనిచేస్తున్నపుడు గది నుండి ఐదు కిలోవాట్లకు పైగా వేడిని తోడుతుంది. అందుకు సుమారు ఒకటిన్నర కిలోవాట్ల విద్యుత్తు పడుతుంది. ఆ విద్యుత్తు కూడ చివరికి వేడిగానే మారుతుంది. కనుక వీధిలోనికి చేరే వేడి సుమారు ఆరున్నర కిలోవాట్లు. సాధారణమైన సీలింగు ఫ్యానుకు 75 వాట్లు చాలును. అనగా ఆ సమయంలో ఒక ఏ.సి. వాడే విద్యుత్తుతో ఇరవై ఫ్యానులు తిరుగుతాయి.

ఎంత చల్లదనం చాలును?

బయట 42 డిగ్రీల ఎండ కాయుచున్నదనుకొందాము. లోపల 18 డిగ్రీలు కోరుకొంటే అంతరం 24 డిగ్రీలు. 26తో తృప్తి చెందితే అంతరం 16 డిగ్రీలే. గోడల ద్వారా, కప్పు ద్వారా లోనికి చొరబడే వేడి ఈ అంతరాన్నిబట్టి ఉంటుంది గనుక అది మూడవవంతు తగ్గుతుంది. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచిన ప్రతిసారీ సుమారు ఆరు శాతం విద్యుత్తు మిగులుతుందని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో తెలియజేసినది. ఈ లెక్కన 18 నుండి 24కు వచ్చిన కుటుంబం ఏ.సి.పై చేసే ఖర్చులో దాదాపు మూడవవంతు ఆదా అవుతుంది.

2020 జనవరి 1 నుండి మన దేశంలో స్టార్ గుర్తు కలిగిన గది ఏ.సి.లన్నీ, తయారీదారు పెట్టిన సహజ అమరికగా, 24 డిగ్రీల వద్దనే మొదలుకావలెనని నిబంధన విధించారు. వాడుకరి తన ఇష్టం వచ్చినట్లు మార్చుకొనవచ్చును. అయినా ఎక్కువమంది మొదట ఉన్న అమరికనే కొనసాగిస్తారనే లోకజ్ఞానం ఈ నిబంధనలో ఇమిడి ఉన్నది.

24 డిగ్రీలు కూడ మన దేశస్థులకు అవసరమైన దానికన్న చల్లనిదే కావచ్చును. సౌఖ్యానికి పాశ్చాత్య దేశాలు ఏర్పరచుకొన్న ప్రమాణాలలో అధిక భాగం అచ్చటి మనుషులపై జరిపిన పరీక్షల నుండి వచ్చినవి. 1970లో సౌఖ్య సూత్రాన్ని గ్రంథస్థం చేసిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాంగర్ పరీక్షలు డేనిష్, అమెరికన్ విద్యార్థులపై జరిగినవి. మన దేశంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో ఎం.ఆర్. శర్మ, షరాఫత్ అలీలు భారతీయులపై పరిశీలనలు జరిపి, తేమను, గాలి వేగాన్ని కూడ లెక్కలోనికి తీసికొనే ఒక సూచికను 1986లో ప్రకటించారు. దాని ప్రకారం మనవారికి 25 నుండి 30 వరకు సౌఖ్యమే. 27.5 అత్యుత్తమం. 2008లో హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో నివసించే వందమందికి పైగా వ్యక్తులను మాధవి ఇంద్రగంటి అధ్యయనం చేసినపుడు వారికి వెచ్చన, చలి రెండూ తోచని ఉష్ణోగ్రత 29 డిగ్రీలకు కొంచెము పైన ఉన్నట్లు తేలినది. కిటికీ తెరవడం, ఫ్యాను వేసికొనడం, పలుచని నూలుబట్ట కట్టుకొనడం వారి నిత్యజీవితంలో భాగాలు. శరీరం తాను పుట్టి పెరిగిన దేశవాతావరణానికి అలవాటుపడుతుందనే సత్యాన్ని ఈ పరిశోధనలు ధ్రువపరిచినవి.

జపానులో 2005 నుండి వేసవికాలంలో కార్యాలయాలను 28 డిగ్రీల వద్ద ఉంచి, ఉద్యోగులు కోటు, టై విడిచి రావలెనని ప్రభుత్వమే ప్రచారం సాగించినది. బట్టను మార్చుకొంటే గదిని అంతగా చల్లబరచనక్కరలేదన్నది అక్కడి పాఠం. మండువేసవిలో ఉన్ని కోటు తొడుగుకొని, దానికోసం సభామందిరాన్ని 20 డిగ్రీలకు దించే మన నగరాలలోని అలవాటును ఈ సందర్భంలో పునరాలోచించుకొనవలసి ఉన్నది.

ఇక ఒక భ్రమను గురించి. బయటినుండి వచ్చి 16 డిగ్రీలకు త్రిప్పితే గది త్వరగా చల్లబడుతుందని పలువురు భావిస్తారు. పాత పద్ధతి యంత్రంలో కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది. రిమోటులోని అంకె ఎక్కడ ఆగాలో మాత్రమే చెబుతుంది, ఎంత త్వరగా పరుగెత్తాలో చెప్పదు. ఇన్వర్టర్ యంత్రంలో వేగం మారుతుంది గాని, గది బాగా వేడిగా ఉన్నపుడు 25 వద్ద ఉంచినా అది వేగంగానే పనిచేస్తుంది. 16 వద్ద ఉంచి మరచిపోవడం వలన మిగిలేది అర్ధరాత్రి దుప్పటి కప్పుకొనడం.

ఆరోగ్యం: రెండు వైపులు

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారు. వడదెబ్బ తగిలినవాని శరీరోష్ణోగ్రత 40 డిగ్రీలను దాటుతుంది, మెదడు స్వాధీనం తప్పుతుంది. వృద్ధులకు, పసిపిల్లలకు, గర్భిణులకు, గుండెజబ్బు గలవారికి అటువంటి రోజులలో కొన్ని గంటలపాటు చల్లని గదిలో ఉండడం విలాసం కాదు, వైద్యంతో సమానం. కరెంటు బిల్లుకు వెరచి ఇంటిలోని వృద్ధులు ఏ.సి. వేయనివ్వకపోవడం పొదుపు అనిపించుకొనదు.

అటువంటివారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే సలహా గమనింపదగినది. ఏ.సి.ని 27 డిగ్రీల వద్ద ఉంచి, దానితోపాటు ఫ్యాను కూడ వేసికొంటే గది నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్నట్లు తోస్తుందని ఆ సంస్థ చెబుతున్నది. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినపుడు ఫ్యాను ఒక్కదానిపైనే ఆధారపడరాదని కూడ హెచ్చరించినది. అంత వేడి గాలి శరీరాన్ని చల్లబరచడానికి బదులు వేడెక్కిస్తుంది.

రెండవ వైపు చూద్దాము. ఇళ్ళలోని సాధారణమైన స్ప్లిట్ ఏ.సి. బయటి గాలిని లోనికి తీసికొనదు. గదిలోని గాలినే మరల మరల త్రిప్పుతుంది. తలుపులు బిగించిన గదిలో పలువురు గంటలకొద్దీ కూర్చుంటే బొగ్గుపులుసు వాయువు పెరిగి తలనొప్పి, మత్తు, ఏకాగ్రత లోపం కలుగుతాయి. ఒకరి జలుబు పదిమందికి అంటుకొంటుంది. కోవిడ్ వ్యాపించిన 2020లో భారతీయ ఏ.సి. ఇంజనీర్ల సంఘం గది ఉష్ణోగ్రతను 24కు 30కి మధ్యన, తేమను 40కి 70 శాతానికి మధ్యన ఉంచి, కిటికీని కొద్దిగా తెరచి ఉంచవలెనని సూచించినది. తరగతి గదులకు, పఠనాలయాలకు ఈ సూచన నేటికీ వర్తిస్తుంది. ప్రతి పీరియడు ముగియగానే అయిదు నిమిషాలు కిటికీలు తెరచిన చాలును.

అతిగా చల్లబరచిన పొడిగాలిలో కళ్ళు మండుతాయి, గొంతు, చర్మం ఎండిపోతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువ కావచ్చును. దాహం వేయదు గనుక నీరు త్రాగడం తగ్గుతుంది. వడపోత జాలీని శుభ్రపరచకపోతే దుమ్ము, బూజు గదినిండా వెదజల్లబడతాయి, యంత్రానికి శ్రమ పెరిగి విద్యుత్తు కూడ ఎక్కువ ఖర్చవుతుంది. రెండు వారాలకు ఒకసారి ఆ జాలీని నీటితో కడగడం ఇంటిలోని పిల్లలు కూడ చేయగల పని.

పెద్ద భవనాల కేంద్ర శీతలీకరణ వ్యవస్థలలో మరింత జాగ్రత్త కావాలి. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక హోటలులో జరిగిన మాజీ సైనికుల మహాసభకు వచ్చినవారికి విచిత్రమైన న్యుమోనియా సోకి సుమారు 30 మంది మరణించారు. నిలువ నీటిలో పెరిగే ఒక కొత్త బాక్టీరియా ఇందుకు కారణమని మరుసటి సంవత్సరం కనుగొన్నారు. శీతలీకరణ గోపురాల నీటిని సరిగా శుద్ధి చేయకపోతే ఆ క్రిమి తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. గది ఏ.సి.లలో అటువంటి నీటి గోపురం ఉండదు గనుక ఇంటివారు ఈ విషయమై భయపడనక్కరలేదు. నీటితో పనిచేసే ఎయిర్ కూలర్ల విషయంలో మరొక ప్రమాదం కలదు. తొట్టిలోని నిలువ నీటిలో డెంగీ దోమ గ్రుడ్లు పెడుతుంది. వారానికి ఒకసారి తొట్టిని పూర్తిగా ఆరబెట్టాలి.

వీధిలో పోసిన వేడి

మన గది నుండి తోడిన వేడి ఎక్కడికి పోతుంది? ప్రక్క ఇంటి కిటికీ దగ్గరకు, సందులో కూరగాయల బండి నడిపే మనిషి వద్దకు, మేడక్రింద కాపలా కాచేవాని వద్దకు. వందలాది యంత్రాలు ఒకేచోట పనిచేసే నగరవీధిలో రాత్రులు చల్లబడవు. ఏ.సి. కొనలేనివాడు, కొన్నవాని వేడిని కూడ భరించవలసి వస్తున్నది. ఆ వేడికి తాళలేక అతడూ అప్పుచేసి యంత్రాన్ని కొంటే వీధి ఇంకా వేడెక్కుతుంది.

విద్యుత్తు విషయమూ ఇటువంటిదే. 2024 మే 30న మన దేశపు విద్యుత్ గిరాకీ రెండున్నర లక్షల మెగావాట్లకు చేరినది. మన విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుండి వస్తున్నది. బొగ్గులోని శక్తిలో సుమారు మూడవవంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. సూర్యరశ్మి విద్యుత్తు పగలు లభిస్తుంది గాని, పడకగదులలోని ఏ.సి.లు నడిచేది రాత్రివేళ. దేశమంతా ఒకే విద్యుత్ గ్రిడ్‌గా అనుసంధింపబడిన నేడు, ఒక రాష్ట్రంలో వృథా అయిన యూనిట్టు మరొక రాష్ట్రంలోని ఆసుపత్రికో నీటిపంపుకో ఉపయోగపడవలసినదే.

యంత్రంలోని వాయువు మరొక సమస్య. పాత యంత్రాలలోని ఆర్-22 అనే వాయువు ఓజోన్ పొరకు హాని చేస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకన్న దాదాపు 1800 రెట్లు శక్తివంతమైనది. నేటి అనేక యంత్రాలలోని ఆర్-32 ఓజోన్‌కు హాని చేయదు గాని, అదీ సుమారు 675 రెట్లు వేడెక్కిస్తుంది. 2016లో రువాండా రాజధాని కిగాలిలో కుదిరిన అంగీకారాన్ని భారతదేశం 2021లో ధ్రువపరచి, ఇటువంటి వాయువులను 2032 నుండి క్రమంగా తగ్గించి 2047 నాటికి 85 శాతం తగ్గించడానికి ఒప్పుకొన్నది. గృహస్థులు గుర్తుంచుకొనవలసినది ఒకటి ఉన్నది. ఈ వాయువు వాడుకలో ఖర్చయ్యేది కాదు. అది తగ్గినదంటే ఎక్కడో కారుచున్నదని అర్థం. కారే చోటును బాగుచేయించకుండా ఏటేటా గ్యాసు నింపించడం డబ్బుకూ భూమికీ కూడ నష్టం.

యంత్రానికి ముందు ఇల్లు

గదిలోనికి వేడి రాకుండ చేయడం, వచ్చిన వేడిని తోడడంకన్న ఎప్పుడూ చౌక. మన పూర్వుల మండువా లోగిళ్ళు, మందమైన మట్టిగోడలు, వసారాలు, తాటాకు పందిళ్ళు, తలుపులకు కట్టి నీరు చల్లే వట్టివేళ్ళ తడికలు ఈ సూత్రంపైననే ఏర్పడినవి. సింధు ప్రాంతంలోని హైదరాబాదులో ఇళ్ళ కప్పులపై నైరుతి గాలిని పట్టి గదులలోనికి దింపే ఎత్తైన గూళ్ళు బారులుగా ఉండేవి. గాజు గోడల భవనాలు చలిదేశాలలో ఎండను లోనికి రప్పించుకొనడానికి తగినవి. వాటిని మన ఎండలో కట్టి, లోపల ఏ.సి. బిగించడం పొయ్యిమీద కుండ పెట్టి విసనకఱ్ఱతో విసరడం వంటిది.

2010 వడగాడ్పుల అనుభవంతో అహమ్మదాబాదు నగరం 2013లో దక్షిణాసియాలోనే మొదటిదిగా ఒక వేడిమి కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకొన్నది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది. ఎండను వెనుకకు త్రిప్పికొట్టే తెల్లని పూతను కప్పుపై వేయడం దాని సారం. ఇది ఏ.సి. కొనలేని కుటుంబపు రేకుల ఇంటినీ, మేడనూ కూడ కొన్ని డిగ్రీలు చల్లబరచగలదు. ఇందుకు నెలనెలా బిల్లు రాదు.

ఆచరణ

పై విషయాల నుండి ఒక క్రమం ఏర్పడుతున్నది. మొదట ఎండను ఆపాలి. పడమటి కిటికీకి బయట చూరు, చాప లేదా చెట్టు నీడ కల్పించాలి. లోపలి తెరకన్న బయటి నీడ మేలు. రెండవది, ఫ్యానుతో గాలి కదిలించాలి. మూడవది, పొడి ప్రాంతాలలో కూలరు చాలునేమో చూడాలి, సముద్రతీరంలో అది పనికిరాదు. నాలుగవది, ఏ.సి. తప్పనిసరియైనచోట గదికి తగిన టన్నుల యంత్రాన్ని, స్టార్ గుర్తులు చూచి ఎన్నుకొనాలి. తలుపుల సందులు మూసి, 25 – 27 డిగ్రీల మధ్య ఉంచి, ఫ్యాను నెమ్మదిగా త్రిప్పాలి. నిద్రపోయిన రెండు మూడు గంటలకు యంత్రం దానంతట అది ఆగేటట్లు అమర్చుకొనవచ్చును. ఎవరూ లేని గదిలో అది నడువరాదు. వ్యాధిగ్రస్తులు, వృద్ధులు ఉన్నచోట మాత్రం వారి అవసరమే ప్రమాణం.

పాఠశాలలలో, కళాశాలలలో విద్యార్థులు ఒక వారం ఏ.సి.ని 20 వద్ద, మరొక వారం 26 వద్ద ఫ్యానుతో నడిపి, ప్రతిదినం మీటరు అంకెలను, బయటి ఉష్ణోగ్రతను వ్రాసికొని పోల్చవచ్చును. ఆ గదిలో కూర్చున్నవారికి ఎట్లున్నదో కూడ అడిగి నమోదు చేయాలి.

ఆరోగ్యమూ, పొదుపూ, సౌఖ్యమూ పరస్పర శత్రువులని సాధారణంగా భావిస్తాము. ఏ.సి. విషయంలో మాత్రం ఈ మూడూ దాదాపు ఒకే అంకె దగ్గర కలుసుకొంటున్నవి. శరీరానికి చాలినంత చల్లదనం బిల్లుకూ భారం కాదు, వీధికీ అంతగా బరువు కాదు. దానికి మించిన ప్రతి డిగ్రీకి అయ్యే ఖర్చులో కొంత మనం చెల్లిస్తాము, మిగిలినది వీధిలో ఎండకు పనిచేసేవారు చెల్లిస్తారు.